చేయి చేసికొను పిల్లవాడు



గట్టు తగవులు, నీటి తగవులు, అన్నదమ్ముల పంపకములు మీ యెదుటికి వచ్చుచునే యుండును. వానిని తీర్చు విధము మీకు నేను చెప్పనక్కఱలేదు. కాని యెప్పుడైన నొకనాడు ఒక తల్లి చెంగుతో కన్నులొత్తుకొనుచు వచ్చి, తన పదునాలుగేండ్ల కొడుకు తనపైననే చేయి చేసికొనెనని మొఱపెట్టుకొనును. వెనువెంటనే పొరుగువాడు వచ్చి, వాడే తన కుమారుని తల పగులగొట్టెనని చెప్పును. ఈ తగవునకు గట్టురాయి లేదు, దస్తావేజు లేదు. నేరము చేసినవాడు మీసమైన రాని పసివాడు; వానిని చూచి పెద్దవారే వెఱచుచుందురు. అట్టివానిని దారికి తెచ్చుట యెట్లను విషయమును గుఱించి ఈ సాయంకాలము నాకు తెలిసినంత ముచ్చటింతును.

నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లు పల్లెటూరి బడులలో చదువు చెప్పినవాడను. ఈ విషయమున నేనొక పొరపాటు చేసితిని. దానితోనే మొదలిడుట న్యాయము.

నేను పనిచేసిన యొక గ్రామమున ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడొకడుండెను. పేరు చెప్పను. తండ్రి పగలు కష్టజీవియే గాని, చీకటి పడినది మొదలు మద్యమునకు దాసుడు. ఒకనాడు బంతియాటలో మాటమాట పెరిగి, వాడు తోడివాని తలపై బ్యాటుతో కొట్టెను. ఆఱు కుట్లు పడినవి. అంతకు వారము ముందే, అన్నము పెట్టుట ఆలస్యమాయెనని కంచము విసరివేయగా తల్లి నుదురు చిట్లెను. పెద్దలు వేపచెట్టు క్రింద కూర్చుండిరి. మేనమామను పిలిపించిరి. అందఱి యెదుట చింతబరికెతో కొట్టి బుద్ధి చెప్పవలెనని నిశ్చయమాయెను. ఒక పెద్దమనిషి నావైపు తిరిగి, "మాస్టారూ, తమరేమందురు?" అని యడిగెను. "పెద్దలు చెప్పినట్లే కానిండు" అంటిని. నేను వలదన్నచో ఆగియుందురు. ఆ యూర నా మాటకు అంతపాటి విలువ యుండెను. వాడు దెబ్బలు తినునంతసేపును ఏడువలేదు. కొట్టుచున్న మేనమామను గాక, చూచుచున్న మమ్మును ఒక్కొక్కరినే చూచెను. మఱునాటి రాత్రి, తల పగిలిన పిల్లవాని యింటి గడ్డివామి తగులబడెను.

దండన చాలలేదు, ఇంకను గట్టిగా దండింపవలసినదని కొందఱనిరి. నేనును కొంతకాలము అట్లే తలచితిని. తరువాత నీ విషయమై తెలిసినవారు వ్రాసిన గ్రంథములు చదివి, జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునితో పలుమాఱులు మాటలాడిన పిమ్మట, మేమానాడు వానికి క్రొత్తగా నేర్పినది ఏమియు లేదని తెలిసికొంటిని. బలము గలవాడు బలము లేనివానిని కొట్టి తన మాట చెల్లించుకొనును అను విద్య వాడు తండ్రివద్ద మునుపే నేర్చినాడు. మేము దానిపై ఊరి ముద్ర వేసితిమి.

ముందుగా ఒక భేదము గుర్తింపవలెను. న్యూజీలాండు దేశమున డునెడిన్ అను పట్టణము కలదు. అచ్చట 1972, 1973 సంవత్సరములలో పుట్టిన 1,037 మంది పిల్లలను మూడవయేట లెక్కలో చేర్చుకొని, వారు నడివయస్సు వచ్చువఱకును పండితులు విడువక గమనించిరి. ఆ పరిశోధనలో పాలుగొన్న టెర్రీ మాఫిట్ అను విదుషీమణి, దుడుకు పిల్లలు రెండు తెగలని 1993లో వ్రాసెను. ఒక తెగవారు మూడు నాలుగేండ్ల ప్రాయమునుండియు కొఱుకుట, కొట్టుట, మాట వినకుండుట మొదలిడి, దానితోనే పెరుగుదురు. వీరు కొలదిమంది. రెండవ తెగవారు అంతవఱకు తిన్నగా నుండి, మీసము మొలచు వేళకు తోడివారిని చూచి చెలరేగి, ఇరువదియేండ్లు దాటి సంసారము మీద పడగానే చాలవఱకు తామే చల్లబడుదురు. వీరే యెక్కువమంది. రెండవ తెగవానిని మొదటి తెగవానిగా నెంచి ఊరు వెలివేసినట్లు చూచినచో, చల్లబడవలసినవాడును చల్లబడడు. కావున తగవు విన్నపుడు, "వీడు ఏ యేటనుండి యిట్లున్నాడు? ఇంట మాత్రమేనా, బడిలోను వీధిలోను గూడనా?" అని తల్లి నడుగుట మంచిది. వైద్యులును ఒకనాటి కోపమును చూచి రుగ్మత యనరు. ఏడాది పొడుగున సాగిన నడవడినే చూతురు.

ఇక పిల్లవాడు ఇట్లేల యగును? అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జెరాల్డు పాటర్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడుండెను. ఆయన దుడుకు పిల్లలను ఆసుపత్రికి రప్పించి ప్రశ్నలడుగుటతో తృప్తిపడలేదు. తనవారిని వారి యిండ్లకే పంపి, ఒక మూల కూర్చుండబెట్టి, ఎవరు ఏమనిరి, దానికి రెండవవారు ఏమి చేసిరి అను దానిని వెంటవెంటనే వ్రాయించెను. అట్లు ఏండ్ల తరబడి చేసి, 1982లో గ్రంథము ప్రకటించెను. ఆయన కనుగొన్న దానిని మన యింటి భాషలోనికి మార్చి చెప్పెదను.

సంధ్యవేళ తల్లి, "ఒరేయ్, గేదెకు కుడితి పెట్టిరారా" యనును. కొడుకు చేతిలోని ఫోనునుండి తల యెత్తడు. ఆమె మఱల చెప్పును. వాడు విసుగుకొనును. ఆమె గొంతు పెంచును. వాడు అంతకు మించి యఱచి, చేతి కందిన చెంబు గోడకు కొట్టును. ఇరుగుపొరుగువారు విందురని సిగ్గు, పొయ్యిమీద అన్నము మాడుచున్నదని తొందర. "నా ఖర్మ, నేనే పెట్టుకొంటాను" అని ఆమె వెడలిపోవును. అంతట నిల్లు నిమ్మళించును. పిల్లవాడు నేర్చినదేమి? చెంబు గోడకు కొట్టినచో పని తప్పును. తల్లి నేర్చినదేమి? తాను వెనుదిరిగినచో రొద యణగును. ఇద్దఱకును కూలి ముట్టినది. కావున రేపును ఇట్లే జరుగును. కొన్నాళ్ళకు చెంబు చాలదు, చేయి లేచును. ఒకనాడు తండ్రి చూచి నాలుగు తగిలించును. ఆనాడు మాత్రము గేదెకు కుడితి ముట్టును. కొట్టనిది పని జరుగదని తండ్రి నేర్చుకొనును. ఇందు పుట్టుకతో చెడ్డవారు ఎవ్వరును లేరు. ముగ్గురును ఒక్క వలలో చిక్కుకొని, ఎవరు గింజుకొన్నను రెండవవారికి ముడి బిగియుచున్నది.

ఈ వలను విప్పుటయే చికిత్సకు ప్రధానాంగము. వైద్యుడు పిల్లవానికంటె ముందు తల్లిదండ్రులకే పాఠము చెప్పును. మొదటి పాఠము వినువారికి నవ్వు పుట్టించును. పిల్లవాడు తిన్నగా చేసిన పనిని ఆ క్షణముననే చూచి, "కుడితి పెట్టితివి, మంచిది" అని చెప్పవలెను. కన్నబిడ్డను ఎదుట పొగడరాదు, ఆయుక్షీణమని మనవారందురు. ఆ యాచారమును నేను వెక్కిరింపను. కాని యిది పొగడ్త గాదు; నిన్ను చూచితినని తెలుపుట. దుడుకు పిల్లవానికి తప్పు చేసినపుడే పిలుపు వచ్చును. ఊఱక కూర్చున్నపుడు వాడింట నెవ్వరికిని కానరాడు. నేను తరగతిలో ఒకనాడు నన్ను నేనే గమనించుకొంటిని. నేను చెప్పిన పిల్లవాని పేరు ఆ పూట ఏడుమాఱులు పిలిచితిని, ఏడును తిట్టుటకే.

రెండవది ఆజ్ఞ. పొయ్యిదగ్గఱనుండి కేకవేయక, దగ్గఱకు పోయి, ఒక్కమాఱు, కొద్ది మాటలలో చెప్పవలెను. జరిపింప శక్తిలేని యాజ్ఞ అసలు పెట్టరాదు. మూడవది తప్పునకు ఫలితము. అది చిన్నదై, తప్పనిదై, ఆనాడే ముగియునదై యుండవలెను. పని ముగియువఱకు ఫోను చేతికి రాదు, చేసినవెంటనే వచ్చును. పగులగొట్టిన వస్తువునకు వాని కష్టముతోనే బదులు తీర్చవలెను. "నెల దినములు ఇంట కాలు పెట్టవద్దు" అని యఱచి, మూడవనాడు తల్లి దొడ్డిదారిని అన్నము పెట్టు శిక్షకంటె, ఒక్క సాయంకాలపు ఆట తప్పించు శిక్షకు బలమెక్కువ.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలెను. ఈ పద్ధతి మొదలిడిన తొలిదినములలో పిల్లవాని యఱపులు తగ్గకపోగా హెచ్చును. మునుపు అఱచినచో పని తప్పెడిది. ఇప్పుడు తప్పుటలేదు గనుక ఇంకను గట్టిగా నఱచి చూచును. ఆ వేళ తల్లి మెత్తబడినచో, అంత గట్టిగా నఱచుటయే వానికి నేర్పినదగును. ఆ పది పదునైదు దినములు ఆమెకు తోడుగా మఱియొక పెద్ద దిక్కు ఇంట నుండవలెను. మేనత్తయో, అమ్మమ్మయో, తలవాకిట కూర్చుండు తాతయో యుండినను చాలును. వాడు చేయి యెత్తినచో వాదము వలదు. చిన్నపిల్లలను తీసికొని ఆమె బయటికి వచ్చి, వాడు చల్లారిన పిదప మాటలాడవలెను. కొడవలి, గొడ్డలి వంటివి చేతికందని చోట నుంచవలెను.

పదునాలుగేండ్లవాని విషయమున నిది అయిదేండ్లవాని విషయమంత సుళువు గాదు. వానికి బడి కలదు, చెలికాండ్రు కలరు, మా యెదుటికి రాని రాత్రులు కలవు. వానిని కూర్చుండబెట్టి, నియమములను వాని నోటితోనే పలికించి, కాగితముపై వ్రాసికొనుట మేలని వైద్యులందురు. తాను ఒప్పుకొన్న మాటను దాటుటకు వాడును కొంత వెనుకాడును.

పిల్లవానికి నేర్పవలసినదియు ఒకటి కలదు. కెన్నెత్ డాడ్జి అను అమెరికా పండితుడు 1980 నాటినుండి చేసిన పరిశోధనలలో తెలిసిన సంగతి యిది. బస్సులో ఎవని మోచేయియైన తగిలినచో, మీరును నేనును ఇఱుకు వలన తగిలెననుకొందుము. దుడుకు పిల్లవాడు, కావలెననియే పొడిచెననుకొనును. దెబ్బలు తిని పెరిగినవానికి ప్రతి చేయియు తనపైకి లేచినట్లే తోచుటలో వింత లేదు. అట్టివానితో తీరిక వేళ కూర్చుండి, "ఇంకేమి కారణము కావచ్చును? ఇంకొకటి చెప్పుము. ఇప్పుడు నీవు చేయదగినవి ఏవి?" అని అడుగుచు, ఆ ఘట్టమును నాటకమువలె ఆడించి యభ్యాసము చేయింతురు. కోపము వచ్చిన వేళ చెప్పిన నీతి చెవి కెక్కదు. రాని వేళ చేసిన యభ్యాసము అప్పుడప్పుడైనను అక్కఱకు వచ్చును.

ఇప్పుడు మీకొక చిత్రమైన కథ చెప్పవలెను. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను పట్టణములు కలవు. అచ్చటి బీదల పేటలలోని బాలురు చెడిపోకుండ కాపాడవలెనని రిచర్డు క్యాబట్ అను వైద్యుడు సంకల్పించెను. ఆయన శాస్త్రదృష్టి గలవాడు. 506 మంది బాలురను ఈడుజోడు చూచి జంటలుగా నేర్పఱచి, నాణెమెగురవేసి, జంటలో నొకనికి సహాయము, రెండవవానికి ఏమియు లేదు అని నిర్ణయించిరి. 1939 నుండి 1945 వఱకు ఆ పని సాగెను. ఒక్కొక్క బాలునికి ఒక పెద్దమనిషి స్నేహితుడై, నెలకు సుమారు రెండుమాఱులు ఇంటికి పోయి చూచెడివాడు. చదువు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి. మనమైనను ఇంతకంటె మేలు తలపగలమా?

ముప్పదియేండ్ల పిమ్మట జోన్ మెకోర్డు అను విదుషీమణి ఆ బాలురను వెదకి పట్టుకొనెను. వారప్పటికి నడివయస్కులు. సహాయము పొందినవారిలో మూడింట రెండుపాళ్ళమంది, అది తమకు మేలు చేసెననియే చెప్పిరి. కాని లెక్కలు తీయగా, సహాయము పొందినవారే ఏమియు పొందనివారికంటె త్రాగుడునకు ఎక్కువగా లోబడిరి. మాటిమాటికి నేరము చేసినవారు వారిలోనే యెక్కువ. చిన్నవయస్సున చనిపోయినవారును వారిలోనే యెక్కువ. 1978లో ఆమె దీనిని ప్రకటింపగా మంచి మనస్సుతో సేవ చేయువారందఱు నివ్వెఱపోయిరి. కారణము వెదకగా వెదకగా, వేసవి శిబిరములకు ఒకటికంటె నెక్కువమాఱులు పోయినవారియందే కీడు కనబడెనని 1999లో ఆమెయు టామస్ డిషియన్ మున్నగువారును చూపిరి. అల్లరి పిల్లలు ఒకచోట చేరి, ఎవడెంత సాహసము చేసెనో చెప్పుకొని నవ్వుకొనుటయే వారికి బడియైనది. ఒకడు చెప్పగా పదిమంది నవ్విన నవ్వునకు, ఇంటివద్ద పెద్దలిచ్చు బహుమానము సరితూగదు.

కావున, "ఇట్టివాండ్ర నందఱను ఒకచోట పెట్టి కట్టుదిట్టము చేయవలె"నని యెవరైన పలికినపుడు నాకీ కథ జ్ఞప్తికి వచ్చును. దుడుకు పిల్లవానిని తిన్ననివారి నడుమ, ఒక్కడుగా, పని గలవానిగా నుంచుట మేలు. భజనలో తాళము, జాతరలో బండి తోలుట, వాలీబాలు జట్టులో చోటు, ఏదైనను సరే.

వెఱపించుటయు నిట్టిదే. న్యూజెర్సీ రాష్ట్రపు రాహ్‌వే చెఱసాలకు పిల్లలను తీసికొనిపోయి, యావజ్జీవ శిక్షపడిన ఖైదీలచేత గద్దింపజేయు పద్ధతిని గుఱించి 1978లో చలనచిత్రము తీయగా, అది దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. తరువాత అట్టి ప్రయత్నములను సరియైన పోలికతో పరీక్షింపగా, పోనివారికంటె పోయి వచ్చిన పిల్లలే యెక్కువ నేరములు చేసినట్లు తేలెను. మన యూళ్ళలోను, "ఒక్క రాత్రి ఠాణాలో కూర్చుండబెట్టుడు, బుద్ధి వచ్చును" అనువారు కలరు. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివానిని ఠాణా కొట్టులో గాని చెఱసాలలో గాని ఉంచరాదు. చట్టమునకును పరిశోధనకును ఇందు మాట కలిసినది.

ఇక మందుల మాట. మందు వేసినచో నడవడి మాఱునా యని చాలమంది యడుగుదురు. నడవడికి మందు లేదు. కాని నడవడి వెనుక దాగిన రుగ్మతకు ఉండవచ్చును. కొందఱకు మనస్సు ఒకచోట నిలువని చాంచల్యముండును. దానికి మిథైల్ ఫెనిడేట్ వంటి మందిచ్చినచో కోపమును కొంత తగ్గును. కొందఱికి మూర్ఛలుండును, కొందఱికి లోలోపల దిగులుండును, కొందఱు గంజాయికి అలవాటుపడియుందురు. అంతులేని క్రోధముతో ఒరులకు హాని చేయువారికి రిస్పెరిడోన్ అను మందును కొలదికాలము మాత్రము ఈయవచ్చునని ఇంగ్లండు దేశపు వైద్య నియమావళి 2013లో చెప్పెను; అదియును తక్కిన ప్రయత్నములు చేసిన పిమ్మటనే. దానివలన బరువు పెరుగుట మున్నగు బాధలు గలవు గనుక, వైద్యుడు చూచుచుండగా వాడవలెనే గాని, మందుల దుకాణమున కొని తెచ్చి వేయరాదు. మానసిక వైద్యుడు దూరమైనచో, భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యపై తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు.

వీనిలో దేనిని సంజీవని యనను. దక్షిణ కెరొలైనాలో స్కాట్ హెంగ్లర్ అనువాడు, వైద్యుడే ఇంటికి వచ్చి, మూడునుండి అయిదు నెలలు ఇల్లు, బడి, చెలికాండ్రు అన్నింటిని ఒక్కసారి చక్కబెట్టు పద్ధతి నేర్పఱచెను. అమెరికాలో అది చాలచోట్ల ఫలించెను. కాని ఇంగ్లండులో పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితములలో అది మామూలు సేవకంటె మేలని తేలలేదు. మామూలు సేవయే బాగుగా నున్నచోట క్రొత్తదాని యాధిక్యము కనబడదేమో. మన పల్లెలలో ఆ మామూలు సేవయైనను ఎంతవఱకు కలదో మీరెఱుగుదురు.

గడ్డివామి తగులబెట్టిన పిల్లవాని సంగతి ముగింపలేదు. జిల్లా వైద్యుడు వానిని పరీక్షించి, ఎనిమిదవ తరగతివాడు రెండవ తరగతి పుస్తకమును కూడబలుకుకొని చదువుచున్నాడని నాకు చూపెను. మూడేండ్లు వానికి పాఠము చెప్పినవాడను నేనే. చదువుమని లేపినప్పుడెల్ల వాడేల తగవు పెట్టుకొనెడివాడో అప్పుడు తెలిసినది. తగవు పెట్టుకొన్నచో బయట నిలబెట్టుదుము, చదువుట తప్పును. అదియు ఆ చెంబు కథయే.

నేను వానియింటికి పోయి, "ఆనాడు నేను తప్పు చేసితినిరా" అంటిని. వాడు తల వంచుకొని, "మీరు కొట్టలేదు కదా సారూ" అనెను. "కొట్టలేదు, చూస్తూ కూర్చున్నాను" అంటిని. వాడు మఱేమియు ననలేదు.

వామి యజమాని దొడ్డ మనసుగలవాడు. సొమ్మునకు బదులు, సెలవు దినములలో తన గేదెలకు మేత వేయుమనెను. మొదట వాని చేతికి అగ్గిపెట్టె దొరకు చోటికి పోనిత్తువా యని యూరివారు నవ్విరి. మేనత్త వచ్చి రెండు నెలలుండి తల్లికి తోడైనది. తండ్రి త్రాగుడు మానలేదు. కాని త్రాగిన రాత్రులు అరుగుమీదనే పండుకొనుటకు మేనత్త యొప్పించెను. నేను సాయంకాలములందు వానికొక్కనికి అక్షరములు మొదటినుండి చెప్పితిని. ఆఱవ నెలలో వాడు బడి కిటికీ అద్దము పగులగొట్టినాడు. కథ మొదటికి వచ్చెననుకొంటిమి. ఈమాఱు ఎవ్వరును బరికె పట్టలేదు. క్రొత్త అద్దము వెల వాడే కట్టి, వాడే బిగించెను. తల్లిపై చేయెత్తుట మాత్రము మఱల జరుగలేదు.

పదవ తరగతి రెండవసారికి గట్టెక్కెను. ఇప్పుడు పట్టణమున మోటార్లు చుట్టు పనిలో నున్నాడు. కోపము పోలేదని వాని యజమాని నాతో ననెను. గడచిన వేసవిలో మా బావి మోటారు కాలిపోగా కబురు పంపితిని. వాడు వచ్చి, విప్పి తీసికొనిపోయి, మూడవనాడు తెచ్చి బిగించి, నీరు పడువఱకు నిలుచుండి, కూలి ఇంతయని చెప్పి, లెక్కించి పుచ్చుకొని వెళ్ళెను.

సెలవు.